ఎంప్రెస్ వచ్చింది, సున్నుండలొచ్చాయి

మా వంటింటి పైఅరలో ఒక స్టీలు డబ్బా పద్నాలుగు నెలలపాటు ఖాళీగా కూర్చుంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు మా ఇంట్లో ఎవరిదీ కాదు. ఆ డబ్బాలో మా ఇంటికి సున్నుండలొచ్చాయి. రావడానికి కారణం నేను, నా నోరు, మూడు టారో కార్డులు, అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డులు. ఈ మధ్య చాలామంది మెసేజీల్లో అడుగుతున్నారు, పిల్లల గురించి కార్డులు వేసినప్పుడు ఏది వస్తే మంచిది, ఏది వస్తే చెడ్డది అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నాను. ముందే సూటిగా చెప్పేస్తా: ఏ కార్డూ మీ కడుపులో సంగతి చెప్పదు. అయినా ఈ ప్రశ్నతో వచ్చినవాళ్లకి నేనిప్పటికీ కార్డులు వేస్తాను. ఎలా వేస్తాను, ఎందుకు వేస్తాను అన్నదే ఈ పోస్టు.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. నాకిది వృత్తి కాదు. వారమంతా ఆఫీసులో లెక్కలు చూసుకుంటాను, ఆదివారం సాయంత్రాలు హాల్లో చాప పరుచుకుని కూర్చుంటే తెలిసినవాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ వస్తారు. మా ఆయన దీన్ని "మన ఇంటి చిలక జోస్యం" అంటాడు. ఆయన ఎగతాళికి అన్నా అందులో తప్పేం లేదు. చిలక కార్డు లాగుతుంది, మనిషి చదువుతాడు. ఇక్కడ చిలకా నేనే, చదివేదీ నేనే. అంతే తేడా.

అసలీ కార్డులు పుట్టింది పేకాటకి. పదిహేనో శతాబ్దంలో ఉత్తర ఇటలీలో దొరలు ఆడుకున్న ఆట ఇది. దీంతో జోస్యం చెప్పడం మూడొందల ఏళ్ల తర్వాత ఫ్రాన్సులో ఊపందుకుంది. మనం ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే బొమ్మల సెట్టు 1909లో లండన్‌లో అచ్చయింది. గీయించినాయన వెయిట్, బొమ్మలు వేసినావిడ పమేలా కోల్‌మన్ స్మిత్. మొత్తం 78 కార్డులు, వాటిలో పెద్దవి 22, మిగతావి పేకముక్కల్లాగే నాలుగు రంగులు: కప్స్, వాండ్స్, స్వోర్డ్స్, పెంటకిల్స్. ఇది ఎందుకు చెప్తున్నానంటే, పిల్లల ప్రశ్న రాగానే అందరూ వెతికేది ఎంప్రెస్ కార్డునే. పాత ఇటలీ సెట్టులో ఆ ఎంప్రెస్ చేతిలో గద్ద బొమ్మ ఉన్న డాలు పట్టుకుని కూర్చుంటుంది, అంటే ఉత్త రాణి, రాజ్యం తాలూకు అధికారం, అంతే. 1909 బొమ్మలో ఆమె డాలు మీదికి శుక్రుడి గుర్తు వచ్చింది, గౌను మీదికి దానిమ్మపళ్లు వచ్చాయి, కాళ్ల ముందు పండిన పైరు వచ్చింది, వెయిట్ కూడా ఆ కార్డుకి ఫలించడం అన్న అర్థం రాసిపెట్టాడు. ఇంకోటి, ఆ ఎంప్రెస్‌ని అంత నిండుగా గీసిన పమేలాకి పెళ్లీ కాలేదు, పిల్లలూ లేరు. పెద్ద పని చేశాను, చేతికొచ్చింది మాత్రం చాలా తక్కువ అని స్నేహితుడికి ఉత్తరంలో రాసుకుంది. 1951లో అప్పులతో పోయింది. ఆ కార్డు చేతికొచ్చినప్పుడల్లా నాకు రాణి కంటే ఆవిడే ముందు గుర్తొస్తుంది.

సరే, సున్నుండలు.

ఆ అమ్మాయి మా ఆడపడుచుకి ఆఫీసులో స్నేహితురాలు. పెళ్లయి ఆరేళ్లు. ఐవీఎఫ్‌లో పిండం లోపల పెట్టి అప్పటికి తొమ్మిదో రోజు. రక్తపరీక్షకి ఇంకా కొన్ని రోజులు ఆగాలి. చాప మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది, రెండో పక్క ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్లకి గడ్డలు కట్టాయట. ఆ కూర్చోవడం చూశాక ఎవరికైనా మంచి మాట చెప్పాలనే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది, ఆ రోజు నా తప్పు మొదలైంది అక్కడే. మూడు కార్డులు తీసింది. ఎంప్రెస్, సెవెన్ ఆఫ్ పెంటకిల్స్, పేజ్ ఆఫ్ కప్స్. పేజ్ ఆఫ్ కప్స్ అంటే ఒక కుర్రాడు కప్పు పట్టుకుని ఉంటాడు, ఆ కప్పులోంచి చేప తల బయటపెట్టి వాడి వంక చూస్తుంటుంది. ఒక పక్క పంట, ఇంకో పక్క కప్పులో చేపపిల్ల. నేను రెండు చివర్ల కార్డులూ పట్టుకుని, "ఖాయం అమ్మాయ్, నువ్వు నిశ్చింతగా ఉండు" అనేశాను. ఖాయం అనే మాటే వాడాను. మర్చిపోలేదు.

ఆ మాట ఆ పిల్ల వాళ్లత్తగారికి చెప్పింది. ఆవిడ ఆ సాయంత్రమే మినుములు వేయించి, విసిరించి, నెయ్యి కాచి సున్నుండలు చుట్టి, నాకో డబ్బా పంపింది. శుభవార్త చెప్పినావిడకి తీపి పంపకపోతే ఎలా అని. మేం తిన్నాం కూడా. ఆ తర్వాత గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది. "అక్కా నెగటివ్". రెండే మాటలు, చివర చుక్క కూడా లేదు. నేను ఏదో టైప్ చేశాను, తీసేశాను, మళ్లీ టైప్ చేశాను, మళ్లీ తీసేశాను. చివరికి ఏం పంపానో ఇప్పుడు చదవడానికి సిగ్గేస్తుంది. ఆ పిల్ల నన్నేమీ అనలేదు. ఇంట్లో ఎంత మాట పడిందో నాకు తర్వాత తెలిసింది. కార్డులు కూడా వచ్చాయన్నావు కదా, మరి నువ్వే సరిగా రెస్టు తీసుకోలేదేమో అన్నారట. వినండి ఇది. నా 'ఖాయం' అటు తిరిగి ఆ అమ్మాయి మీదే నేరమై కూర్చుంది.

మీలో కొందరు అప్పుడే అనుకుంటూ ఉంటారు, మధ్యలో సెవెన్ ఆఫ్ పెంటకిల్స్ ఉంది కదా, రైతు పంట వంక చూస్తూ నిలబడ్డ బొమ్మ, అది ఎదురుచూపు కార్డు కదా, అంటే కార్డు కరెక్టుగానే చెప్పింది, మీరే సరిగా చదవలేదు అని. నేనూ ఒక నెల అలాగే సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటు చాలా సుఖంగా ఉంటుంది, కార్డుల పరువూ పోదు, మన పరువూ కాస్త మిగులుతుంది. కానీ పరీక్ష పాజిటివ్ వచ్చి ఉంటే అదే కార్డుని "చూశావా, రైతు పంట వంక చూస్తున్నాడు, చేతికొచ్చిందనే కదా" అని ఉండేదాన్ని. రెండు వైపులా సరిపోయే కార్డు ఏ వైపూ చెప్పినట్టు కాదు.

మా ఆయన ఒక రాత్రి అన్నం తిన్నాక కాగితం తీసుకుని కూర్చున్నాడు. "మీవాళ్లు పిల్లల కార్డులని వేటిని అంటారో చెప్పు" అన్నాడు. ఎంప్రెస్, సన్, స్టార్, ఏస్ ఆఫ్ కప్స్, ఏస్ ఆఫ్ వాండ్స్, పేజ్ ఆఫ్ కప్స్, ఇంకా కప్స్‌లో మూడు, ఆరు, పది, పెంటకిల్స్‌లో ఏస్, పది, మూల కుందేలున్న క్వీన్. పన్నెండు తేలాయి. 78లో పన్నెండు. మూడు కార్డులు తీస్తే వాటిలో కనీసం ఒక్కటైనా ఈ పన్నెండులోది పడే అవకాశం నూటికి 40. పది కార్డుల సెల్టిక్ క్రాస్ పరిస్తే నూటికి 83. అంటే పది కార్డులేసే ఏ రీడర్ దగ్గరికి ఎవరు వెళ్లినా, పెళ్లి కాని కుర్రాడు వెళ్లినా, డెబ్బై ఏళ్ల తాతయ్య వెళ్లినా, ఐదింట నాలుగు సార్లకు పైగానే "ఆహా, సంతానయోగం కనిపిస్తోంది" అనొచ్చు. ఆ కాగితం ఇప్పటికీ నా కార్డుల పెట్టెలోనే ఉంది. మా ఆయన తన జీవితంలో నాకు చేసిన పెద్ద సాయాల్లో అదొకటని ఆయనకి చెప్పలేదు, చెప్తే ఇక పట్టలేం.

మరి ఇంత తెలిశాక ఇంకా ఎందుకు వేస్తున్నావంటే, ఈ బొమ్మలు మాట తెప్పిస్తాయి. అది మాత్రం నేను కళ్లారా చూస్తున్నాను.

మన భాషలో గర్భం గురించిన మాటలన్నీ పొలంలోంచీ నీళ్లలోంచీ వచ్చినవే, గమనించారా? బిడ్డని కడుపు పంట అంటాం. కడుపు పండింది అంటాం. నీళ్లోసుకుంది అంటాం. మోడు చిగురించింది అంటాం. కడుపు చల్లగా ఉండాలని చలిమిడి పెడతాం, ఆడపిల్లకి ఒడిబియ్యం పోస్తాం. ఇప్పుడు ఆ ఇంగ్లీషు బొమ్మల వంక చూడండి. ఎంప్రెస్ ముందు పండిన పైరు. ఏస్ ఆఫ్ వాండ్స్‌లో కొట్టేసిన కర్రకి చిగుళ్లు. ఏస్ ఆఫ్ కప్స్‌లో కప్పు పొంగి ధారలు ధారలుగా నీళ్లు. స్టార్‌లో ఒకావిడ మోకాలు వంచి రెండు కూజాలతో నీళ్లు పోస్తుంటుంది, ఒకటి చెరువులోకి, ఒకటి నేల మీదికి. మా నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నేనేమీ చెప్పకముందే స్టార్ కార్డు చూసి "ఈమెవరు, నీళ్లోసుకుంటోందా?" అంది. ఆవిడకి టారో అంటే ఏంటో తెలియదు. నేను ఆ రోజు నుంచి నోట్సులో ఉన్న అర్థాలు పక్కన పెట్టేశాను. కార్డు అర్థం చెప్పను. ఈ బొమ్మలో నీకేం కనిపిస్తోంది అని అడుగుతాను. ఆ తర్వాత నోరు మూసుకుంటాను, ఇది చాలా కష్టమైన పని, నాలాంటి వాగుడుకాయకి మరీనూ.

ఒకసారి జరిగింది చెప్తాను. ముప్పై దాటిన అమ్మాయి, సాఫ్ట్‌వేర్, నవ్వుతూ వచ్చింది, నవ్వుతూ కూర్చుంది, "రెండోవాళ్ల కోసం ట్రై చేస్తున్నామండీ, ఊరికే సరదాకి" అంది. ఫైవ్ ఆఫ్ కప్స్ పడింది. నల్లటి దుప్పటిలాంటిది కప్పుకున్న మనిషి తలొంచుకుని నిలబడి ఉంటాడు, ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి, వెనక రెండు కప్పులు నిలబడే ఉంటాయి, అవతల ఏరు, ఏటి మీద వంతెన. టారో చెప్పేవాళ్లంతా ఇక్కడ పరుగెత్తుకెళ్లి పట్టుకునేది ఆ వెనకున్న రెండు కప్పులనే. పోయినదాన్ని చూడకు, ఉన్నదాన్ని చూడు అని. నేనూ ఆ మాట నాలిక చివరి దాకా తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి కార్డు మీద వేలు పెట్టి ఒలికిపోయిన కప్పులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. "నాకు రెండే" అంది. కాసేపయ్యాక, "అందరూ అబార్షన్ అయింది అంటారండీ, నేనేదో చేయించుకున్నట్టు" అంది. నిజమే కదా, దానంతటదే పోయినా మనం అబార్షన్ అయిందనే అంటాం, లేదంటే నిలవలేదు అంటాం, కడుపు ఏదో అద్దె ఇల్లయినట్టు. మొదటిది తొమ్మిదో వారంలోనట, రెండోది పదకొండులో. రెండుసార్లూ మూడో రోజుకి ఆఫీసుకెళ్లిపోయింది. ఇంట్లో ఎవరూ ఆ తర్వాత ఆ మాటెత్తలేదు, బాధపెట్టకూడదని. వెనకున్న రెండు కప్పుల గురించి నేను చెప్పలేదు. ఆ అమ్మాయికి కనిపించలేదా అంటే, కనిపించే ఉంటాయి, సాఫ్ట్‌వేర్ పిల్ల, లెక్క తప్పదు. ఆ రోజు వాటి వంక చూడబుద్ధి కాలేదు. గంటన్నర కూర్చుంది. నేను టీ రెండుసార్లు వేడి చేశాను. వెళ్లేముందు ఒక్కటే చెప్పాను, రెండుసార్లు పోయిందంటే ఎందుకో చూడమని డాక్టర్‌ని గట్టిగా అడుగు, ఆ ఫైళ్లన్నీ తీసుకుని వెళ్లు, ఒక్కదానివి వెళ్లకు అని. అది కార్డులో లేదు. చెప్పడానికి కార్డు అక్కర్లేదు.

ఎంప్రెస్ తలకిందులుగా పడితే సంతానం లేనట్టే అని కొందరు చెప్తుంటారు. దీని మీద నాకు ఒళ్లు మంట. కార్డు తలకిందులైందంటే కలిపేటప్పుడు చెయ్యి అటు తిరిగింది, అంతే. మన ఊళ్లల్లో గొడ్రాలు అనే మాట ఉంది, దాన్ని నోటితో అనడానికి ఇప్పుడు మొహమాటపడుతున్నాం, బాగానే ఉంది, కానీ అదే మాటని ఇంగ్లీషు కార్డు తిప్పి చూపించి అంటే ఫర్వాలేదా? నేను తలకిందుల కార్డులు అసలు వాడను. ఎటు పడినా నిటారుగా తిప్పేస్తాను. డెత్ కార్డు కూడా అంతే. పిల్లల ప్రశ్నలో అది పడితే ఎదుటివాళ్ల మొహం చూడలేం. కొందరు రీడర్లు కడుపుతో ఉన్నవాళ్లకి వేసేముందు డెత్, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్ తీసి పక్కన పెట్టేస్తారు. నేనొకప్పుడు చేశాను. కానీ భయం కార్డులు తీసేసి మంచి కార్డులు మాత్రం ఉంచితే అది జోస్యం కూడా కాదు, మిఠాయి కొట్టు. ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్లకి ఆ విషయం మీద అసలు వేయను. ఉద్యోగం గురించి అడుగు, ఇల్లు మారడం గురించి అడుగు, పాప గురించి వద్దు.

ఎందుకు వద్దంటానో దానికీ ఒక కథ ఉంది. రెండేళ్ల కిందట రాత్రి పదకొండింటికి ఫోన్. నెల తప్పి ఏడో వారం, కొంచెం బ్లీడింగ్ అవుతోంది, కింద ఒక పక్క నొప్పి, కళ్లు తిరుగుతున్నాయి. "అక్కా, ఒక్క కార్డు తియ్యి, భయంగా ఉంది" అంటోంది. నాకు కాళ్లు వణికాయి. కార్డు కాదు, ముందు మీ ఆయన్ని లేపు, బండి లేకపోతే 108కి చెయ్యి అని అరిచాను. గర్భం ట్యూబులో నిలిచిందట. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. నేనేదో సన్ కార్డు తీసి "ఏం కాదు, పడుకో" అని ఉంటే? తొలి వారాల్లో ఒక పక్క నొప్పి, రక్తం, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆలోచించకండి, బయల్దేరండి. ఆ పిల్ల బాగానే ఉంది. నాకు మాత్రం ఇప్పటికీ రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగితే గుండె జారుతుంది.

నేను కార్డు వేయనని మొహం మీదే చెప్పే ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. నెల తప్పానా లేదా? మందుల షాపులో వంద రూపాయల లోపు స్ట్రిప్ దొరుకుతుంది, ఊళ్లో అయితే ఆశా వర్కర్ దగ్గర ఊరికే ఇస్తారు, నా దగ్గరికి ఆటో ఖర్చు దానికంటే ఎక్కువ. బాబా, పాపా? ఈ ప్రశ్న వచ్చినప్పుడు చాప చుట్టేస్తాను. స్కానింగ్ చేసి ఆ మాట చెప్పకూడదని 1994లో చట్టమే చేసుకున్న దేశం మనది, ఎందుకు చేసుకోవాల్సి వచ్చిందో అందరికీ తెలుసు, ఇక కార్డు ముసుగులో నేను చెప్పి ఎవరి ఇంట్లో ఏం జరగడానికి కారణమవ్వాలి? ఒకావిడ మాత్రం గట్టిగా తగులుకుంది. కోడలి గురించి అడగడానికి వచ్చింది, కోడల్ని తీసుకురాలేదు. "లోపం ఎవరిలో ఉందో చూసి చెప్పమ్మా, ఆ పిల్లకి తెలియనక్కర్లేదు" అంది. నేను, "ఆంటీ, మీ అబ్బాయి వీర్యపరీక్ష చేయించుకున్నాడా?" అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. మావాడికేం, బంగారంలా ఉంటాడు అంది. బంగారానికైనా పరీక్ష చేస్తారు కదాంటీ, అన్నాను. ఆవిడ మళ్లీ రాలేదు. మా ఆడపడుచు నన్ను తిట్టింది. అయినా చెప్తున్నాను, ఎన్నో ఇళ్లలో భార్యకి స్కానింగులు, రక్తపరీక్షలు, ట్యూబులకి ఎక్స్‌రేలు, నొప్పులూ అన్నీ అయ్యాక గానీ భర్త ఆ చిన్న డబ్బాలో శాంపిల్ ఇవ్వడు. అన్నిటికంటే తేలికైన పరీక్ష అది. మొదటి నెలలోనే అయిపోవాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికెళ్లాలి అని కూడా అడుగుతారు నన్ను, కార్డుల మనిషిని. ముప్పై అయిదు లోపైతే ఏడాది ప్రయత్నించాక, దాటితే ఆరు నెలలకే. నెలసరి అస్తవ్యస్తంగా ఉంటే అంతకంటే ముందే. ఇది నా సొంత కవిత్వం కాదు, డాక్టర్లు చెప్పే లెక్క.

ఇంకో గొడవ బ్రేస్‌లెట్లు. రీడింగ్ అయ్యాక "గర్భరక్షణ" అని మూన్‌స్టోన్, కార్నీలియన్ పూసల బ్రేస్‌లెట్ అంటగట్టేవాళ్లున్నారు. నన్ను కూడా ఒకాయన కలిశాడు, ఒక్కో పీసుకి ఇంత కమీషన్ అని. తాయెత్తులు, మంత్రాలు, కవచాలు రోగాలు నయం చేస్తాయని ప్రకటనలివ్వడాన్ని నిషేధించే చట్టం 1954 నుంచీ ఉంది, దాని జాబితాలో ఆడవాళ్లకి పిల్లలు కలగకపోవడం కూడా ఉంది. ఆ మాట అతనికి చెప్తే నవ్వి, "మేడమ్, ఇది తాయెత్తు కాదు, ఎనర్జీ" అన్నాడు. పేరు మారిస్తే పూస మారుతుందా.

ఇవన్నీ చెప్పి నేనేదో నమ్మకాలకి వ్యతిరేకిని అనుకోకండి. నేనే ఒక రొట్టె ఫలాన్ని. మా అమ్మకి పెళ్లయిన అయిదేళ్లకి కూడా కడుపు పండకపోతే, మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి సంతానం రొట్టె తీసుకుంది. మరుసటేడు కుదర్లేదు, ఆ పైఏడు నన్ను చంకనేసుకుని వచ్చి రొట్టె వదిలింది. రొట్టెల పండగ చూడనివాళ్లకి: కోరిక తీరినవాళ్లు రొట్టె పట్టుకుని నీళ్లలో నిలబడతారు, అదే కోరిక ఉన్నవాళ్లు వెళ్లి తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, పెళ్లి రొట్టె, ఏది కావాలంటే అది. హిందువులు, ముస్లింలు అని లేదు. మా అమ్మకి రొట్టె ఇచ్చినావిడ ఎవరో తెలియదు, గూడూరు నుంచి వచ్చానందట, చంకలో పిల్లాడున్నాడట. అమ్మ ఇప్పటికీ చెప్తుంది, "ఆమె నాకు నువ్వు పుడతావని చెప్పలేదే, నాకూ అయిదేళ్లు పట్టింది తల్లీ అంది, అంతే, నాకు ఏడుపొచ్చేసింది." చెరువులో మోకాళ్లలోతు నీళ్లలో ఇద్దరు ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు. ఖాయం అన్న మాట ఎవరూ అనలేదు. నేను చాప మీద చేసింది చూస్తే ఆ గూడూరావిడకి ఉన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది కదా అనిపిస్తుంది.

ఈ బాధ ఎంతమందిదో తెలుసా? ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. 2024 ఏప్రిల్లో చిల్కూరు బాలాజీ గుడిలో పిల్లలు లేనివాళ్లకిచ్చే గరుడ ప్రసాదం కోసం జనం ఎలా పోటెత్తారో, రోడ్లు ఎలా నిలిచిపోయాయో హైదరాబాదులో ఉన్నవాళ్లకి గుర్తే. ఆ రోజు మా ఆఫీసులో ఒకతను ట్రాఫిక్కులో ఇరుక్కుని వచ్చి మూఢనమ్మకాలని తిట్టాడు. నేనేం మాట్లాడలేదు. ప్రతి పెళ్లిలో, ప్రతి గృహప్రవేశంలో "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని అడిగించుకున్నవాళ్లే కదా ఆ కార్లలో ఉన్నది. వాళ్లలో ఎంతమంది ఫైళ్లు కూడా మోసుకుంటూ ఆసుపత్రులకి తిరుగుతున్నారో అతనికేం తెలుసు.

ఇప్పుడు నేను ఈ ప్రశ్నకి కార్డులు బోర్లా పరచను. 78 కార్డులూ వెల్లకిలా పరిచేస్తాను. బొమ్మలన్నీ కనిపించేలా, చాప నిండా. "ఇవాళ నీలాగా ఉన్న బొమ్మ తియ్యి" అంటాను. ఎంతమంది నైన్ ఆఫ్ స్వోర్డ్స్ తీశారో! అందులో ఒకరు అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకుని ఉంటారు, దుప్పటి మీద గులాబీలు, రాశుల గుర్తులు. ఒకమ్మాయి అది చూపించి, "అది నేను, పక్కన గురక పెట్టేవాడు బొమ్మలో లేడు, అదొక్కటే తేడా" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఎంప్రెస్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోరు. అందరూ చూస్తారు, కానీ తీయరు.

మొన్న మే నెలలో, పద్నాలుగు నెలల తర్వాత, సున్నుండల అమ్మాయి ఫోన్ చేసి వస్తానంది. నేను నాలుగింటి నుంచే ఇల్లు సర్దుతూ కూర్చున్నాను. నేరుగా కూర్చుంది ఈసారి, ఏ పక్కకీ ఒరగకుండా. మధ్యలో ఇంకోసారి కూడా ఐవీఎఫ్ అయింది, అదీ రాలేదు. నేను సారీ చెప్పబోతే, "వదిలెయ్యక్కా, అందరూ ఏదో ఒకటి అన్నారు, నువ్వు మంచిగా అన్నావు" అంది. అది నాకు ఇంకా గట్టిగా తగిలింది. కార్డులు పరిచాను, వెల్లకిలా. చాలాసేపు చూసింది. ఫోర్ ఆఫ్ స్వోర్డ్స్ తీసింది. రాతి సమాధి మీద ఒక వీరుడు చేతులు జోడించి పడుకుని ఉంటాడు, కళ్లు మూసుకుని, పైన కిటికీకి రంగుల అద్దం. చచ్చిపోయాడేమో అనిపిస్తుంది మొదట, కాదు, విశ్రాంతి. నేను ఆ మాట చెప్పలేదు, అడగనూ లేదు.

"నాకు పడుకోవాలని ఉందక్కా" అంది. "మా ఇంట్లో పడుకుంటే ఒంట్లో బాలేదా అని అడుగుతారు, ఏమైనా విశేషమా అని ఆశగా చూస్తారు."

మా గదిలో ఏసీ వేసి, కర్టెన్ లాగి, దుప్పటిచ్చాను. రెండున్నర గంటలు నిద్రపోయింది. మా ఆయన బయటి నుంచి వచ్చి చెప్పులు చూసి ఎవరన్నాడు, చెప్తే టీవీ సౌండ్ తగ్గించేశాడు. లేచి మొహం కడుక్కుని, ఏడున్నర అయిందా అని కంగారుపడుతూ బయల్దేరింది. అప్పుడు పైఅరలో డబ్బా తీశాను. వాళ్లత్తగారి పేరున్న మూత తుడిచాను. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కదా, ఇంట్లో జంతికలుంటే నిండా పోసి ఇచ్చాను. ఆటోలో కూర్చుని మూత తీసి ఒకటి విరిచి నోట్లో వేసుకుంది, "వాము ఎక్కువైందక్కా" అంది.